సన్నని దారం, చిన్న నీరు

వానాకాలం వెనుకబట్టి చెరువుల నీరు తేటపడే రోజుల్లో దేశంలో ఏ మూలకు పోయినా ఒక దృశ్యం కంటబడుతుంది. గట్టు మీద ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉంటాడు. చేతిలో వెదురు కర్ర, కర్ర కొసన సన్నని దారం, నీటి మీద చిన్న బెండు ముక్క. అతని చూపంతా ఆ బెండు మీదనే. అది కరీంనగర్ పక్క చెరువు కావచ్చు, మిథిలలోని పోఖర్ కావచ్చు, బెంగాలులోని పుకుర్ కావచ్చు, అస్సాంలోని బీల్ కావచ్చు. భాష మారుతుంది, ఎర మారుతుంది, చేప పేరు మారుతుంది. కూర్చున్న తీరు మాత్రం మారదు. అందుకు కారణం ఆచారం కాదు, చేప కన్ను. ఆ సంగతి తరువాత చూద్దాం.

ఈ పనిముట్టుకు మన భాషలు పెట్టుకున్న పేర్లు పరిశీలించదగినవి. తెలుగులో గాలం, కన్నడంలో గాళ, మరాఠీలో గళ్. ఈ మూడూ చుట్టాలేనని వినగానే తెలుస్తుంది. తమిళులు తూండిల్ అనీ, మలయాళీలు చూండ అనీ అంటారు. సంస్కృతంలో బడిశం. ఆ బడిశమే బెంగాలీలో బడ్శిగా, అస్సామీలో బరశిగా, ఒడియాలో బనిశిగా, హిందీలో బంసీగా మారింది. హిందీలో వేణువును కూడా బంసీ అనే అంటారు. అయితే ఆ మాట వెదురు అనే అర్థం గల వంశ శబ్దం నుంచి వచ్చినది. వేర్వేరు మూలాలకు చెందిన రెండు మాటలు ఒకే రూపానికి వచ్చి నిలిచాయి. గాలపు కర్ర కూడా వెదురే కనుక ఈ కలయిక నిఘంటువుకు యాదృచ్ఛికమైనా చెరువు గట్టుకు సహజంగానే తోస్తుంది. మన వాడుకలో ‘గాలం వేయడం’ అంటే మాయచేసి లోబరచుకోవడమనే నిందార్థం స్థిరపడిపోయింది. పొద్దంతా కూర్చుని ఒక్క చేపా లేకుండా ఇంటికి తిరిగివచ్చినవాడు ఆ నిందను ఒప్పుకోడు. నీటి దగ్గర మోసపోయేది చాలాసార్లు తానేనని అతనికి తెలుసు.

గాలంతో చేపలు పట్టడం పొట్టకూటి పని మాత్రమే కాక ఒక విద్య కూడా అని మనవారు ఏనాడో గుర్తించారు. కల్యాణి రాజధానిగా పాలించిన చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు (పాలనాకాలం 1126-1138) రచించిన ‘మానసోల్లాసం’లో మత్స్యవినోదం అనే ప్రకరణం ఉన్నది. ఆ కల్యాణి నేటి కర్ణాటకలోని బసవకల్యాణ్, తెలంగాణ సరిహద్దుకు దగ్గరలోనిదే. రాజనీతి మొదలు వంటకాల వరకు నూరు అధ్యాయాలలో వివరించిన ఆ గ్రంథంలో చేపలకూ చోటు దొరికింది. సముద్రపు చేపలు, నదుల చేపలు, పొలుసులున్నవి, పొలుసులు లేనివి అని వింగడించి, ఏ జాతికి ఏ మేత వేసి అలవాటు చేయాలో, దారం దేనితో పేనాలో, కర్ర ఎటువంటిదై ఉండాలో సోమేశ్వరుడు చెప్పాడు. జంతుశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1950ల ఆరంభంలో ఈ ప్రకరణాన్ని శాస్త్రదృష్టితో పరిశీలించి అందులోని చేపలను నేటి పేర్లతో పోల్చిచూశాడు. ఇంగ్లండులో ఈ విషయంపై తొలి ముద్రిత రచన 1496లో వెలువడింది. ఐజాక్ వాల్టన్ సుప్రసిద్ధ గ్రంథం 1653 నాటిది. దక్కను రాజు వీరందరికంటె ముందువాడు.

ఆంగ్లేయుల కాలంలో ఈ విద్య గురించి వచ్చిన పుస్తకాలు ఎక్కువగా హిమాలయ నదుల్లోని మహసీర్ వంటి మహామత్స్యాల చుట్టూ తిరిగాయి. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివాన్ థామస్ కూడా 1873లో అటువంటి పుస్తకమే రాశాడు. కాని 1887లో ఆయన మరొక పుస్తకం వెలువరించాడు. అది కేవలం చెరువుల్లో గాలం వేయడం గురించి. కొండలకు పోయే సెలవూ సొమ్మూ లేనివాడికి ఊరి చెరువు చాలునన్నది అటువంటి పుస్తకానికి ఆధారమైన భావం. మన పల్లెల్లో పిల్లలకు ఈ సంగతి ఎవరూ రాసి చెప్పనవసరం లేకపోయింది.

ఇంతకూ సన్నని దారంతో పట్టడంలో విశేషమేమిటి? రెండు మూడు కిలోల బరువుకే తెగిపోయే దారంతో అంతకు మించిన చేపను ఒడ్డుకు చేర్చవచ్చునంటే కొత్తవారు నమ్మరు. నీటిలో ఉన్నంత వరకు చేపకు బరువు దాదాపు లేనట్లే. చాలా చేపలకు కడుపులో ఉండే గాలితిత్తి వాటిని నీటిలో తేలనూ మునగనూ ఈయక నిలబెడుతుంది. కనుక దారం మోసేది చేప బరువును కాదు, చేప విదిలింపును. ఆ విదిలింపు ఒక్క క్షణంలో పడితే దారం పుటుక్కుమంటుంది. నాలుగైదు క్షణాలకు పరచుకుంటే ఆగుతుంది. ఈ పరచే పని చేసేది కర్ర. వెదురు వంగినకొద్దీ దెబ్బ మెత్తబడుతుంది. అందుకే సన్నని దారానికి కొస సన్నగా ఉండి విల్లులా వంగే కర్ర కావాలి. మోటు కర్రకు సన్నని దారం కట్టినవాడికి మిగిలేది కర్ర ఒక్కటే. తీరా చేప అలసి ఒడ్డు చేరిన తరువాత దానిని దారంతోనే పైకెత్తబోతే, అంతవరకు నీరు మోసిన బరువంతా ఒక్కసారిగా దారం మీద పడుతుంది. చేజారిన చేపల్లో ఎక్కువ భాగం ఈ చివరి మూరెడు దూరంలోనే జారిపోతాయి. చిన్న చేతివల నీటిలోకి దించి, చేపను దాని మీదికి నడిపించి, వలతో ఎత్తడమే తెలివైన పద్ధతి.

నైలాన్ 1938లో లోకానికి వెల్లడయిన తరువాత కాని ఇంత సన్నని, ఇంత గట్టి దారం సామాన్యుడికి అందలేదు. అంతకుముందు పట్టు, జనుము, గోగునార వంటివే. అవి తడిస్తే బరువెక్కేవి, ఆరవేయకపోతే కుళ్ళేవి. నైలాన్ కుళ్ళదు. అదే దాని గుణం, అదే దాని దోషం. గట్టున పారేసిన మూరెడు దారం ఏళ్ళ తరబడి అక్కడే ఉండి కొంగల కాళ్ళకు, నీటికోళ్ళ మెడలకు చుట్టుకుంటుంది. బరువుకు కట్టే సీసపు గుళ్ళ మాటా అటువంటిదే. నీటి పక్షులు వాటిని గులకరాళ్ళనుకుని మింగి చనిపోతున్నాయని తేలడంతో బ్రిటన్‌లో చిన్న సీసపు గుళ్ళ అమ్మకాన్ని 1987లో నిషేధించారు.

ఇక గొంతుక్కూర్చునే భంగిమ. నీటి అడుగు నుంచి పైకి చూసే చేపకు బయటి ప్రపంచమంతా తలపై ఒక గుండ్రని కిటికీలో కనబడుతుంది. వెలుగు నీటిలో ప్రవేశించేటప్పుడు వంగే తీరును బట్టి ఆ కిటికీ దాదాపు 97 డిగ్రీల వెడల్పు గలది. దాని అవతల చేపకు కనిపించేది అద్దంలో వలె నీటి అడుగు ప్రతిబింబమే. గట్టు మీద నిలబడిన మనిషి ఆ కిటికీలో స్పష్టంగా పడతాడు. నేలకు అణిగి కూర్చున్నవాడు కిటికీ అంచున నలిగి, మసకగా, గుర్తుపట్టరాని చారలా మిగులుతాడు. ఈ లెక్క తెలియకుండానే మిథిల పిల్లవాడూ మానేరు ఒడ్డు పిల్లవాడూ ఒకే తీరున కూర్చున్నారు.

మాట్లాడవద్దని పెద్దలు కసరుకోవడంలో మాత్రం అంత నిజం లేదు. గాలిలో పలికిన మాట నీటిలోకి ప్రవేశించేది చాలా తక్కువ. అసలు శత్రువు అడుగుల చప్పుడు. మడమ గట్టుకు తగిలిన అదురు నేల ద్వారా నేరుగా నీటికి చేరుతుంది. పరిగెలు, శీలావతులు, జెల్లలు ఉన్న కుటుంబాలలో గాలితిత్తినీ లోపలి చెవినీ కలిపే చిన్న ఎముకల వరుస ఒకటి ఉన్నది. జర్మన్ శాస్త్రజ్ఞుడు వేబర్ 1820లో దానిని వర్ణించాడు. గాలితిత్తి డోలులా ధ్వనిని అందుకుంటే ఆ ఎముకలు చెవికి అందిస్తాయి. మన చెరువుల్లోని చేపల్లో అధిక భాగం ఈ విధంగా చెవి చురుకుగలవి. చెప్పులు విడిచి గట్టెక్కడంలో ఇంత శాస్త్రమున్నది.

వేళ విషయంలో ఒక అపోహ ప్రచారంలో ఉన్నది. తెల్లవారుజాము మంచిదని అందరూ అంటారు. పారే ఏటిలో అది నిజమే. కాని నాచూ తామరా దట్టంగా ఉన్న చెరువులో, అందులోనూ వేసవిలో, తెల్లవారేసరికి నీటిలోని ప్రాణవాయువు అతి తక్కువ స్థాయికి దిగుతుంది. పగలు ప్రాణవాయువును విడిచే మొక్కలు రాత్రంతా తామే దానిని పీల్చుకోవడం ఇందుకు హేతువు. ఆ వేళ చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ ఉంటాయి. వాటి ధ్యాస మేత మీద ఉండదు. ఎండ పడి గంటా రెండు గంటలు గడిచిన తరువాతనే బెండు కదలడం మొదలవుతుంది. కొర్రమీనుకూ మట్టగిడసకూ మార్పుకూ ఈ బాధ లేదు. అవి నేరుగా గాలిని పీల్చగల జాతులు. అయితే ఆ వరమే వాటి గుట్టు బయటపెడుతుంది. కలువాకుల మధ్య గుటుక్కుమని గాలి మింగి మునిగిన చోటును గుర్తుపెట్టుకున్నవాడు అక్కడికే చిన్న కప్పను విసురుతాడు.

లోతును అంచనా వేయడం ఈ విద్యలో సగం. బొచ్చె పైనీటిలో మేస్తుంది, శీలావతి నడిమి నీటిలో, మోసు అడుగున. బెండును దారం మీద జానెడు పైకో కిందికో జరిపితే పడే చేప జాతే మారిపోతుంది. బెండు పలికే తీరు కూడా జాతిని బట్టి మారుతుంది. పరిగెల గుంపు దానిని ముక్కుతో పొడుస్తున్నట్లు టకటక కదిలిస్తుంది. జెల్ల ఒక్క గుంజుతో ముంచి పక్కకు లాక్కుపోతుంది. నేల మీద మేత తీసుకుని తల పైకెత్తే పెద్ద చేప ఒక్కోసారి బెండును ముంచదు; అది లేచి నీటి మీద అడ్డంగా పడుకుంటుంది. కొత్తవాడు అప్పుడు తెల్లబోయి చూస్తాడు. పాతవాడు లాగుతాడు.

ఈ పరిజ్ఞానాన్ని బెంగాలీలు తీర్చిదిద్దినంతగా మరెవ్వరూ తీర్చిదిద్దలేదనిపిస్తుంది. అక్కడ గాలపు కర్ర ఛిప్, బెండు ఫాత్నా, దారం చుట్టే చక్రం హుయీల్. నీటిలో ముందుగా చల్లి చేపలను ఒకచోటికి రప్పించే మేత చార్, ముల్లుకు గుచ్చే ఎర టోప్. ఈ రెంటికీ వేర్వేరు పేర్లున్నాయంటేనే అక్కడి శ్రద్ధ ఎటువంటిదో తెలుస్తుంది. నూనె తీసిన చెక్క, మగ్గిన ధాన్యం, సుగంధ దినుసులు కలిపిన చార్ తయారీ కొందరికి గుప్తవిద్య. చెట్టుచీమల గుడ్లు ఎరగా సంతలో అమ్ముతారు. చెరువు యజమానికి రుసుము చెల్లించి టికెట్టు మీద కూర్చునే పద్ధతి ఉన్నది. ముందు మేత, తరువాత గాలం అన్న ఈ క్రమమే దాదాపు తొమ్మిది వందల యేండ్ల వెనుక సోమేశ్వరుడు చెప్పినదీ. తెలుగునాట ఇంత హంగు లేదు. పెరటి తేమనేలలో తవ్విన వానపాములు, గోధుమపిండి ముద్ద, జొన్నగటక, చిన్న కప్పపిల్ల: వీటితోనే పని జరుగుతుంది.

పట్టిన చేపను విడిపించేటప్పుడు జాగ్రత్త అవసరం. జెల్ల వీపు మీద ఒకటి, చెంపల వెనుక రెండు ముళ్ళతో సిద్ధంగా ఉంటుంది. ఇంగిలాయి ముల్లు విషపూరితం; పొడిస్తే ఆ బాధ గంటల తరబడి తగ్గదు. పిల్ల చేపను తిరిగి నీటిలో వదలదలచినవారు ముందు చేయి తడుపుకోవాలి. పొడిచేతికి చేప ఒంటి జిగురు అంటుకుని ఊడివస్తుంది. ఆ జిగురే దానికి రోగాల నుంచి రక్ష. గాలపు మొనకు వెనుకనున్న ఎదురుముల్లును శ్రావణంతో నొక్కివేస్తే చేప నోరు చీలకుండా బయటికి వస్తుంది.

వదలవలసిన కాలమూ ఉన్నది. తొలకరి వానలకు వాగులు పొంగగానే పరిగెలూ జెల్లలూ గుడ్లతో నిండి ప్రవాహానికి ఎదురెక్కుతాయి. మత్తడి కింద తెప్పలుగా గుమిగూడిన ఆ చేపలను పట్టడానికి గాలం కూడా అక్కరలేదు, చీర చెంగు చాలు. ఆ నాలుగు రోజుల్లో ఎంత మిగిలితే తరువాతి ఏడు అంత. ఎర్రని పిల్లల గుంపు కింద కాపలా కాస్తున్న కొర్రమీనును పట్టడం ఇంకా అన్యాయం. ఒక్క తల్లీతండ్రీ పోతే గుంపంతా ఇతర చేపల పాలవుతుంది. హిమాచల్, కశ్మీర్ ఏళ్ళలోని ట్రౌట్ చేపలు యూరపు నుంచి తెచ్చినవి కనుక వాటి తీరు వేరు. అవి చలికాలంలో గుడ్లు పెడతాయి. అక్కడి ప్రభుత్వాలు అనుమతి పత్రం లేనిదే గాలం వేయనీయవు, ఆ కాలంలో అసలే వేయనీయవు.

మన చెరువుల్లోనూ అనుమతి ప్రశ్న ఉన్నది. శీలావతి, బొచ్చె, మోసు నిలకడ నీటిలో గుడ్లు పెట్టవు. హీరాలాల్ చౌధురి, ఆలీకున్హి 1957 జూలై 10న ఒడిశాలో సూదిమందు ద్వారా వీటి చేత గుడ్లు పెట్టించే వరకు ఆ పిల్లలను నదుల్లోనే ఏరుకోవలసి వచ్చేది. ఆనాటి నుంచి చెరువుల్లో పిల్లలు పోసి పెంచడం దేశమంతటా విస్తరించింది. పోసి పెంచిన చేప మత్స్యకార సంఘానిదో, గుత్తకు తీసుకున్నవారిదో అవుతుంది. వారిని అడగకుండా గాలం వేయడం ఎంత సన్నని దారంతోనైనా దొంగతనమే.

అయితే ఈ పెంపకం వెంట వచ్చిన మరొక మాటను గురించి ఇక్కడ చెప్పుకోక తప్పదు. పోయని చేపలు, అనగా చెరువులో ఆదినుంచీ తమంతట తామే పుట్టి పెరిగే పరిగెలు మొదలైన చిరు జాతులు, పెంపకపు పాఠాలలో ‘కలుపు చేపలు’ అయినాయి. పైరులోని కలుపు మొక్క వలె ఇవి పెద్ద చేపల మేతను తినివేస్తాయని వాదం. పిల్లలు పోసే ముందు చెరువును శుభ్రం చేయాలన్నారు. ఇప్పగింజల నూనె తీయగా మిగిలిన చెక్కను మీటరు లోతు నీటికి హెక్టారుకు 2,500 కిలోల చొప్పున చల్లితే లోపలి చేపలన్నీ చచ్చి తేలుతాయి. కొన్నాళ్ళకు ఆ చెక్కే ఎరువవుతుంది. పద్ధతిగా చూస్తే చక్కని ఏర్పాటే. కాని తరతరాలుగా గట్టు మీది గాలానికి పడినవి ఆ కలుపు చేపలే. సంఘంలో సభ్యత్వం లేని ఇంటికి కూర అయినవీ అవే. అవి ఎవరివీ కావు గనుక అందరివీ.

వాటి విలువను మరొక దిక్కు నుంచి నిరూపించింది బంగ్లాదేశ్. బెంగాలీలు మోలా అనీ మౌరలా అనీ పిలిచే వేలెడు చేపలో ‘ఎ’ విటమిన్ పెంపుడు చేపలకన్న ఎన్నో రెట్లు అధికమని అక్కడి పరిశోధనలు తేల్చాయి. పెద్ద చేపను కోసి, తల తీసి, ముల్లు తీసి తింటాం. చిరు చేపను తలతో, కంటితో, ముల్లుతో సహా నమిలివేస్తాం. విటమిన్ ఎక్కువగా కంటి చుట్టూ ఉన్నది, సున్నం ముల్లులో ఉన్నది. ఏరి పారేయమన్నదే పసిపిల్లలకూ బాలింతలకూ అన్నిటికంటె అవసరమైనదన్నమాట.

ఈలోగా చిరు చేపల మీద ఇతర వత్తిళ్ళూ పెరిగాయి. 1928లో దోమల నివారణకు తెచ్చిన గాంబూసియా దేశీయ చేపల గుడ్లనూ పిల్లలనూ విడిచిపెట్టలేదు. 1952లో తెచ్చిన తిలాపియా, మన పక్క జిలేబి అని పిలిచేది, ఏడాదికి అనేకమార్లు పిల్లలు చేసి చెరువులకు చెరువులనే ఆక్రమించింది. ఆఫ్రికా మార్పు సాగును నిషేధించినా నీటిలోకి జారిపోయినది జారిపోయినట్లే ఉన్నది. మందుపాతరలతో, విషంతో చేపలు చంపడం 1897 చట్టం నాటి నుంచీ నేరమే. ఇప్పుడు వాగుల్లో బ్యాటరీ తీగలు దించి కరెంటుతో చంపేవారూ బయలుదేరారు. ఏ చెరువులో ఏ జాతి తరిగిందో లెక్క రాసేవారు అరుదు. గట్టున కూర్చునేవాడికి మాత్రం అది దారంలోనే తెలుస్తుంది. నిన్నటి దాకా టకటకమన్న బెండు ఇవాళ ఒకే మోటు గుంజుడుతో మునుగుతూ, ప్రతిసారీ జిలేబియే పైకి వస్తున్నదంటే ఆ నీటిలో ఏదో జరిగిపోయిందని అర్థం.

మోలా విషయంలో గాలి కొంత తిరిగింది. బంగ్లాదేశ్‌లో శీలావతి, బొచ్చెలతో పాటు మోలాను కూడా కావాలని చెరువులో వదిలి పెంచే పద్ధతి వ్యాపించింది. మన తూర్పు రాష్ట్రాలలోనూ దానిని చేపట్టారు. అది నిలకడ నీటిలోనే గుడ్లు పెడుతుంది కనుక ఏటా పిల్లలు కొనవలసిన పని లేదు. రెండు మూడు వారాలకొకసారి కొంత కొంతగా తీసుకుని వండుకుంటారు; పెద్ద చేపలు ఏడాది చివర అంగడికి పోతాయి. చెరువు ఎండగట్టి ఇప్పచెక్క చల్లే పని అక్కడ మానుకున్నారు. ఆ గట్ల మీద పిల్లలు కుట్టుసూది వంచి చేసిన గాలానికి వానపాము తునక గుచ్చి కూర్చుంటున్నారు.